అవ్వ బుగ్గ మీద దిష్టిచుక్క

నా చిన్నప్పుడు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పిల్లలందరికీ తెల్లవాళ్ళంటే భయం. కొత్తగా కట్టే వంతెన నిలబడకపోతే దొరలు పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోయి పునాదిలో పూడ్చేస్తారని మా లైను ఇళ్ళలో గట్టి నమ్మకం. వాళ్ళు ఒంటికి నీళ్ళు తగలనివ్వరట. పసిబిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టకుండా వేరే గదిలో పడేసి తలుపేసుకుంటారట. ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగితే అందరూ అంటున్నారుగా అనేవాళ్ళు. మా లైనులో తెల్లమనిషితో పట్టుమని పది మాటలు మాట్లాడినవాళ్ళు లేరు, అయినా వాళ్ళను గురించి మాకు తెలియని సంగతంటూ లేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

మేం తెలుగువాళ్ళం. ఎన్ని తరాల కిందట ఈ ఊరు చేరామో మా తాతకే లెక్క తెలియదట. వీధిలో ఆటల దగ్గర పోట్లాట వస్తే తమిళపిల్లలు నన్ను గొల్టి అని వెక్కిరించేవాళ్ళు. సెలవులకు నెల్లూరు వైపు పోతే అక్కడి చుట్టాలు నా మాట విని అరవపిల్ల వచ్చిందని నవ్వేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. ఇక ఇండియా అనేది మా బడిలో గోడకు తగిలించిన పటం. దాని మీద కర్ర పెట్టి చూపిస్తే ఊళ్ళ పేర్లు చెప్పాలి, అంతవరకే దానికీ నాకూ పరిచయం. నువ్వు ఫలానా దేశందానివి అని నాతో మొదట అన్న మనిషి ఒక తెల్లావిడ. ఆ మాట ఆమె అనేటట్టు చేసింది మాత్రం నేనే.

మా నాయన రైలుపెట్టెలు తయారుచేసే కార్ఖానాలో వెల్డింగు పని చేసేవాడు. అక్కడివాళ్ళకు పని నేర్పడానికి ఏదో చలిదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చి, ఆఫీసర్ల బంగళాలలో ఒకదాంట్లో కాపురం పెట్టాడు. ఆయనకు మూడు నెలల మగబిడ్డ. ఆ బిడ్డ పగలనీ రాత్రనీ లేకుండా ఒకటే ఏడుపు. ఇంజనీరు ఎర్రబడిన కళ్ళతో కార్ఖానాకు వచ్చి, ఒకరోజు మా నాయన చూస్తుండగానే నిలబడి కునికిపాట్లు పడ్డాడట. మా నాయనకు జాలేసింది. జాలిపడి ఊరుకున్నా సరిపోయేది. మా అమ్మ పసిబిడ్డలకు నీళ్ళు పోస్తుంది సార్, ఒక్క పూట పోయించి చూడండి అన్నాడు. నోటితో చెప్పాడో, చేతులతో చూపించాడో నాకు తెలియదు. మొత్తానికి మర్నాడే రమ్మని కబురొచ్చింది.

మా నాయన తల్లిని నేను అవ్వ అనేదాన్ని. మా క్వార్టర్సులో ఆమె కాళ్ళ మీద పడుకోని బిడ్డ లేడు. తెలుగువాళ్ళయినా తమిళులైనా, పురుడు పోసుకుని ఇంటికి రాగానే అవ్వకు కబురు వచ్చేది. రెండు కాళ్ళూ చాపి పీట మీద కూర్చుని, బిడ్డను ముణుకుల మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చటి మంచినూనె పట్టించి ఒళ్ళంతా పామేది. సున్నిపిండితో రుద్ది, వేడినీళ్ళు దోసిలి అడ్డం పెట్టి పోసేది. సాంబ్రాణి పొగ చూపించి, తను దీపం మీద పట్టిన కాటుక బుగ్గన చుక్క పెట్టి తల్లి చేతికిచ్చేది. ఆ తర్వాత బిడ్డ నిద్రపోతే ఇంటి పక్కన రైలింజను కూసినా లేచేది కాదు. అది మాకు ఎంత మామూలు సంగతంటే, చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచదు. ఆ తోచకపోవడమే మా కొంప మీదికి తెచ్చింది.

అవ్వకు ఇంగ్లీషు రాదు కాబట్టి తోడు నన్ను పొమ్మన్నారు. బడిలో ఇంగ్లీషు చదువుతుంది కదా అని మా నాయన ధీమా. నేను చదివిన ఇంగ్లీషులో పిల్లి చాప మీద కూర్చుంటుంది, అంతకుమించి దానికి పనేమీ లేదు. రానని ఏడ్చాను. అవ్వ నా జడ బిగించి అల్లి, నూనెగిన్నె నా చేతిలో పెట్టి, తను కాటుక భరిణె కొంగున ముడేసుకుంది. దారి పొడుగునా అవ్వ చీర కొస వదల్లేదు నేను. బంగళా గేటు దాటగానే పక్కన గోడ కట్టడానికి పొడుగ్గా తవ్విన గుంట కనిపించింది. పునాది గుంట. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ ఇంటావిడ మనిషి సన్నగా, నిద్రలేక పాలిపోయి ఉంది. ఇంగ్లీషు ఆమెకు కూడా పరాయి భాషేనని పెద్దయ్యాక తెలిసింది గానీ, అప్పుడు మాత్రం ఆమె నోట్లోంచి వచ్చినదంతా ఒక్క ముద్దగా వినబడింది. పెరటి వరండాలో అవ్వ పీట వేసుకుని నూనె వేడి చేస్తుండగా ఆమె నన్ను పక్కన నిలబెట్టుకుని ఏవేవో అడగడం మొదలుపెట్టింది. పాములన్న మాట ఒకటి తెలిసింది, మీ ఇంట్లో పాములుంటాయా అని అడిగిందనుకున్నాను. ఉంటాయని తల ఊపాను. మంత్రాలు వేసేవాళ్ళున్నారా అన్నట్టు అడిగింది. ఊపాను. ఆ గుంట ఎంత లోతుందో నేను కొలుచుకుంటున్నాను మనసులో. కాదంటే ఈమెకు కోపం వస్తుంది, కోపం వస్తే గోనెసంచి తెస్తుంది. అందుకని ఆమె ఏది అడిగినా గంగిరెద్దులా తల ఊపుతూనే ఉన్నాను. చివరికి ఆమె బిడ్డ వైపు చూపించి, నిద్ర అనీ, మందు అనీ రెండు మాటలు వచ్చేటట్టు ఏదో అడిగింది. గొంతు తగ్గించి అడిగింది. దానికీ ఊపాను.

ఆ తర్వాత ఆమె అవ్వ చేతులవైపే చూస్తూ నిలబడింది. బిడ్డను బోర్లా వేసి వీపు మీద అరచేతితో పామినప్పుడు ఆమె రెండడుగులు ముందుకేసి ఆగింది. ముఖం మీద నీళ్ళు పడి బిడ్డ గుక్కపట్టినప్పుడు చేతులు చాచింది. అవ్వకు ఇవేవీ పట్టలేదు. పని మధ్యలో అవ్వ లోకం మరచిపోయేది. స్నానం అయ్యాక అలవాటు ప్రకారం అడుగున మిగిలిన నీళ్ళు బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి అవతల పారబోసి, దిష్టి పోవాలని పక్కకు తిరిగి తూ తూ అంది. కాటుక వేలితో బుగ్గ మీద పెద్ద చుక్క పెట్టింది. తిరిగి చూస్తే ఆ తల్లి ముఖంలో నెత్తురు లేదు. బిడ్డ అప్పటికే అవ్వ భుజం మీద నిద్రపోయాడు.

వెళ్ళేటప్పుడు పోతున్నామని మనం అనం కదా. పోవడమనే మాట ఒక్కటే నోట రాకూడదు. పోయొస్తామమ్మా అంది అవ్వ. నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషు చేసి, వి గో అండ్ కమ్ మేడమ్ అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, త్వరగా వస్తారా అంది. ఊపాను. గేటు దాటాక ఆ గుంట వైపు చూడకుండా ఇంటిదాకా పరుగెత్తాను.

మధ్యాహ్నం అన్నాలు తిని అవ్వ చాప మీద నడుం వాల్చింది. నేను అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. బయట సైకిలు పడేసిన చప్పుడైంది. బంగళా వాచ్‌మన్ చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అతను తమిళంలో చెప్పినదాన్ని నేను ఇప్పటికీ మాట మాటగా వినగలను. బిడ్డ లేవడం లేదు. పిలిచినా, కదిలించినా కళ్ళు తెరవడం లేదు. ముసలమ్మ ఏదో మందు పెట్టి పారిపోయిందని అమ్మగారు ఏడుస్తున్నారు. ఊళ్ళో డాక్టరుకు ఫోను చేశారు, ఆ తర్వాత పోలీసులకు కూడా చేస్తామంటున్నారు. నీ కొడుకు పని మాట దేవుడెరుగు, ముందు నువ్వు రా అవ్వా అన్నాడు.

అవ్వ లేచి కూర్చుంది. బిడ్డ ఊపిరి తీస్తా ఉండాడా అని ఒక్కటే అడిగింది. తీస్తున్నాడని వాచ్‌మన్ చెప్పాక కొంగు దోపుకుని చెప్పులేసుకుంది. లైనులో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చారు. పోవద్దని ఒకరు, కొడుకుని కార్ఖానా నుంచి పిలిపించమని ఒకరు, వెనక వీధిలోంచి వాషర్‌మెన్‌పేట్‌లో ఉన్న అవ్వ అక్క ఇంటికి వెళ్ళిపొమ్మని ఒకరు. అవ్వ గడప దాటింది. నా వైపు చూసి దా పాపా అంది, అంతే.

ఆ ఎండలో ఆ నడక నేను మరచిపోలేను. మందు అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఆమె నన్ను గొంతు తగ్గించి అడిగిందేమిటో నాకు అప్పుడు తెలిసిపోయింది. బిడ్డలు నిద్రపోవడానికి మీవాళ్ళు మందు పెడతారా అని అడిగింది. పెడతారని చెప్పింది నేను. మా నాయన పని పోతే నా వల్ల, అవ్వను పోలీసులు పట్టుకుపోతే నా వల్ల. చెప్పేద్దాం చెప్పేద్దామనుకుంటూనే గేటు దాకా వచ్చేశాను. అవ్వ చెయ్యి పట్టుకుంటే ఆమె అరచేతికి ఇంకా నూనె వాసన ఉంది.

వరండా మెట్ల దగ్గరే ఆ తల్లి మాకు అడ్డంగా నిలబడింది. అవ్వను లోపలికి రానివ్వలేదు. లోపల గదిలోంచి ఏ చప్పుడూ లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం వాళ్ళు కాపురానికి వచ్చినప్పటినుంచీ ఉండి ఉండదు. ఆమె నన్నే చూస్తూ మాట్లాడింది, ఈసారి ఒక్కొక్క మాటా విడివిడిగా, అర్థమయ్యేటట్టు. నువ్వే చెప్పావు. నిద్రకు మందు పెడతారని నువ్వే చెప్పావు. వస్తామన్నారు, త్వరగా వస్తామన్నారు, గేటు దగ్గర నిలబడి చూశాను, రాలేదు. ఇండియాలో ఇలాగే ఉంటుందని బయలుదేరకముందే అందరూ చెప్పారు నాకు, నేనే వినలేదు. యు పీపుల్, అంది. మళ్ళీ అదే మాట అంది.

ఆ మాట నాకు ముందు బోధపడలేదు. ఎదురుగా నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. ఆ పీపుల్ ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. మెట్టు కింద అవ్వ, గేటు దగ్గర వాచ్‌మన్, అంతకంటే ఎవరూ లేరు. తమిళుడైన ఆ వాచ్‌మన్ తల దించుకున్నాడు. ఆ మాట అతనికీ తగిలిందని అప్పుడు తెలిసింది. నన్ను గొల్టి అన్న పిల్లలు, అరవపిల్ల అన్న చుట్టాలు, మా నాయన, మా బడి పంతులమ్మ, అందరం ఆ ఒక్క మాటలో పట్టేశాం. గోడ మీది పటంలోకి నేను ఆ మధ్యాహ్నం అడుగుపెట్టాను. దొంగల బోనులోకి నెడితే పడ్డట్టు పడ్డాను.

ఏమంటా ఉండాది అని అవ్వ అడిగింది. బిడ్డ లేవలేదంట అన్నాను. మిగతాది మింగేశాను.

అవ్వ ఆమెవైపు చూసి, తన రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్రపోతున్నట్టు చూపించింది. నూనె రాసి నీళ్ళు పోసిన బిడ్డ నిద్దరపోకుండా యేం చేస్తాడమ్మా, మూడు నెల్లుగా నిద్దరెరగడు గదా అంది. నేను దాన్ని ఇంగ్లీషు చెయ్యబోయాను గానీ నా నోట పిల్లీ చాపా తప్ప ఏమీ రాలేదు. ఆమె తల అడ్డంగా ఊపుతూ బిడ్డ బుగ్గ మీది చుక్క ఎలా ఉందో తన బుగ్గ మీద వేలితో పొడిచి చూపించింది. ఇది ఏమిటి, ఇందులో ఏముంది, ఎందుకు ఉమ్మింది. ఆ చుక్క ఆమె కళ్ళకు ఏదో చేతబడి గుర్తులా, ఒంట్లోకి ఎక్కే విషంలా కనిపించిందని నాకు అర్థమైంది.

అవ్వకు ఆ సైగ చాలు. మెట్టు మీద కూర్చుని కొంగు ముడి విప్పి కాటుక భరిణె తీసింది. మూత తెరిచి ఆమెకు కనబడేటట్టు పైకెత్తింది. ఉంగరం వేలు కాటుకలో అద్ది, ఈడకి రా పాపా అని నా ముఖం వైపు చాచింది. ఆమె కళ్ళెదుట తన మనవరాలికి పెట్టి చూపిస్తే చాలు, మాటలతో పని ఉండదని అవ్వ లెక్క. ఎంత సులువైన ఉపాయం.

నేను ముఖం వెనక్కి లాక్కున్నాను.

 అవ్వ ఆ చుక్క నాకు వందలసార్లు పెట్టి ఉంటుంది. కానీ ఆ ఒక్క క్షణం నేను అవ్వను ఆమె కళ్ళతో చూశాను. నల్లటి ముడతల ముఖం, తాంబూలానికి ఎర్రబడ్డ పళ్ళు, నల్లటి వేలు. దాంట్లో నిజంగానే ఏదైనా ఉంటే. మందు పెడతారని నేనే కదా చెప్పాను, అది నిజమైతే. నా అబద్ధానికి నేనే భయపడ్డాను. పునాది గుంటకు భయపడిన దానికంటే ఎక్కువగా భయపడ్డాను.

అవ్వ చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలో ఆగింది.  ఆమె నావైపు చూసి, ఆ వేలు వెనక్కి తిప్పి తన బుగ్గ మీదే చుక్క పెట్టుకుంది. మా తాత పోయాక అవ్వ నుదుట బొట్టు లేదు, కంటికి కాటుక లేదు. పదేళ్ళ తర్వాత ఆమె ముఖానికి తగిలిన అలంకారం అదే. ముడతల మధ్య పసిబిడ్డకు పెట్టినట్టు గుండ్రటి నల్లచుక్క. తర్వాత భరిణెలోంచి ఇంకాస్త తీసి నాలుక మీద రాసుకుని మింగింది. పొద్దున ఆ మెట్టు మీదే మరచిపోయిన నూనెగిన్నెలో అడుగున మిగిలినది కూడా గుక్కెడు తాగింది. మూతి తుడుచుకుని, మెట్టుకు చేరగిలబడి, బిడ్డ లేచేదాకా నేను యాడికీ పోయేది లేదని చెప్పు ఆమెకి అంది.

నేను చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పనక్కరలేదు కూడా, అవ్వ కూర్చున్న తీరే చెబుతోంది. ఆ తల్లి ఒక్కసారి లోపలికి పోవడం, బిడ్డ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడటం, బయటికి వచ్చి అవ్వను చూడటం. మళ్ళీ లోపలికి పోవడం. ఎండ మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు జరిగింది. గేటు బయట ఏ బండి చప్పుడైనా పోలీసులేనని లేచి చూసేదాన్ని. ఏడవబాక, గమ్మునుండు అని అవ్వ రెండుసార్లు అంది గానీ నన్ను దగ్గరకు తీసుకోలేదు. ఎప్పుడూ నా తల మీద ఉండే ఆ చెయ్యి ఆమె ఒళ్ళోనే ఉంది. అది చూసి నాకు పోలీసుల కంటే ఎక్కువ భయం వేసింది.

చివరికి లోపల్నుంచి ఏడుపు వినబడింది. రోజూ ఏడ్చే నొప్పి ఏడుపు కాదు. కడుపు నిండా నిద్రపోయి లేచి ఆకలేసిన బిడ్డ పెట్టే కేక. మా లైనులో పుట్టిన ఏ పిల్లకైనా ఆ తేడా తెలుస్తుంది. ఆమె పరుగెత్తింది. అవ్వ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. తన బిడ్డకు ఏమవుతుందోనని ఆ తల్లి ఎంత భయపడిందో, పరాయి బిడ్డకు ఏమవుతుందోనని అవ్వ కూడా అంతే భయపడిందని నాకు అప్పుడు తెలిసింది. డాక్టరు వచ్చేసరికి బిడ్డ పాలు తాగుతున్నాడు. ఆయన చూసి, నవ్వి, ఆమెతో ఏదో చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె బిడ్డను ఎత్తుకుని వరండాలోకి వచ్చింది. క్షమించమనలేదు. ఆమె కళ్ళు అవ్వ బుగ్గ మీదే ఉన్నాయి. బిడ్డ బుగ్గ మీద చుక్క, అవ్వ బుగ్గ మీద చుక్క. ఆమె లోపలికి పోయి గాజుగ్లాసులో మంచినీళ్ళు తెచ్చి అవ్వకు తన చేత్తో ఇచ్చింది. అవ్వ తాగి, గ్లాసు తిరిగిచ్చి, లేచి పోయొస్తామమ్మా అంది.  అవ్వ నావైపు తిరిగి, రేపు పొద్దున, ఇయ్యాళ వచ్చిన వేళకేనని సరిగా చెప్పు అంది. చెప్పాను. అరచేతిలో గడియారం ముల్లు గీసి మరీ చెప్పాను.

ఇంటిదారిలో నేను అన్నీ కక్కేశాను. పాములకూ మంత్రాలకూ తల ఊపిన సంగతి, మందుకు ఊపిన సంగతి, త్వరగా వస్తామన్న సంగతి. అవ్వ వింటూ నడిచింది. భయమేస్తే యెవురైనా ఊపుతారులే అంది. వస్తామంటే ఆమె నమ్మింది, అది ఆమె తప్పా అంది. కొంచెం దూరం పోయాక, నడక ఆపకుండానే, ఆమెకు నేను తెలవను, భయపడింది. నీకు తెలుసు గదా పాపా అంది. అంతకుమించి ఆ సంగతి ఆమె బతికుండగా మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ సాయంత్రం మా నాయనకు సంగతి తెలిసింది. ఇంకెప్పుడూ ఆ గేటు తొక్కవద్దని అవ్వ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. వస్తామని చెప్పినాం గదరా అంది అవ్వ. మర్నాడు పోయాం. ఆ తర్వాత రోజూ పోయాం. మొదట్లో మేం గేటు దాటగానే ఆమె బిడ్డ బుగ్గ మీది చుక్కను సబ్బుతో కడిగేసేది, మర్నాడు చూస్తే అక్కడ ఎర్రగా కంది ఉండేది. కొన్నాళ్ళకు కందడం మానింది. ఇంకొన్నాళ్ళకు నిన్నటి చుక్క మసకగా అలాగే ఉండేది. ఆమె కూడా పక్కన పీట వేసుకుని కాళ్ళు చాపడం నేర్చుకుంది. బిడ్డను ఆమె తన పక్కలోనే పడుకోబెట్టుకుంటుందని, రోజుకు రెండుసార్లు తను స్నానం చేస్తుందని మేమూ చూశాం. గోడ లేచి పునాది గుంట పూడిపోయింది, దాంట్లో ఎవరూ పడలేదు. పాముల సంగతి ఆమె మళ్ళీ అడిగినప్పుడు, నో మేడమ్, నాకు పాములంటే భయం అన్నాను. నాకూ భయమే అంది. నేను ఆమెతో ఆడిన మొదటి నిజం అది.

ఇంజనీరు పని అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయే రోజు, కారెక్కబోతూ ఆమె అవ్వ దగ్గరకు వచ్చి, మేం అన్నట్టే, అదే వంకర ఇంగ్లీషులో, ఐ గో అండ్ కమ్ అంది. రాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. కారు మలుపు తిరిగాక అవ్వ ముక్కు చీది, చూస్తివా, ఆమె గూడా మనమాదిరే అబద్ధం నేర్చుకునింది అని నవ్వింది.

ఇప్పుడు నేనూ అవ్వ వయసుకు వచ్చాను. ఇప్పటికీ పెరంబూరులోనే, కూతురి ఫ్లాటులో ఉంటున్నాను. పక్కనున్న మనలి ఫ్యాక్టరీల్లో, ఇక్కడి కట్టడాల్లో పని చెయ్యడానికి ఎక్కడెక్కడినుంచో హిందీ మాట్లాడేవాళ్ళు వస్తున్నారు. కొత్త మొహాలు కనిపిస్తే జాగ్రత్త, పిల్లల్ని బయటికి వదలకండి అని మా ఫ్లాట్లవాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవరో ఒకరు పెడుతుంటారు. ఎవరు పుట్టించారో తెలియదు. గోనెసంచి ఒక్కటే తక్కువ. మొన్న మెట్ల దగ్గర రంగులు వేసే మనిషి ఒకతను, నేను మొయ్యలేకపోతున్నానని కూరల సంచి అందుకోబోతే, నా చెయ్యి తనంతట తానే వెనక్కి పోయింది. తర్వాత ఇచ్చాననుకోండి. కానీ ముందు వెనక్కి పోయింది. అతను చూశాడు. అవ్వ చూసినట్టే చూశాడు.

మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్ళు పోసింది నేనే. కాళ్ళు పట్టేసినా పీట వదల్లేదు. అంతా అయ్యాక కాటుకలో వేలు అద్ది, ముందు నా బుగ్గ మీద ఒక చుక్క పెట్టుకుని, ఆ తర్వాతే బిడ్డకు పెడతాను. ఈ వయసులో నీకెవరి దిష్టి తగులుతుంది అమ్మమ్మా అని మనవరాలు ఎగతాళి చేస్తుంది. నవ్వేస్తాను. అవ్వ చెయ్యి నా ముఖం దాకా వచ్చి ఆగిపోయిన ఆ జానెడు దూరం ఇంకా అక్కడే ఉంది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్కసారి, నా వేలితోనే దాన్ని దాటి నా బుగ్గను ముట్టుకుంటాను.